మొదటి చూపులో మనిషిని ఎంత తెలుసుకోగలం?

(సమాఖ్య వార్షిక మహాసభలో కార్యవర్గం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ ఈ సభలో పొదుపు ఎంత పెరిగింది, బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, బకాయి ఎంత మిగిలింది అని లెక్కలు చదువుతాం. ఆ లెక్కలు ఈ నివేదికలో వేరే పేజీల్లో ఉన్నాయి. ఏ లెక్కల పుస్తకంలోనూ ఎక్కని ఒక పొరపాటు గురించి ఈసారి మాట్లాడాలని కార్యవర్గంలో అనుకున్నాం. అది ఏ ఒక్కరో చేసింది కాదు, మనందరం చేసేదే. కొత్త మనిషిని చూడగానే, ఆమె నోరు తెరవకముందే, "ఈమె ఇట్లాంటిది" అని తేల్చేయడం.

మనలో పెళ్లిచూపులకు కూర్చోని వాళ్లు చాలా తక్కువ. కాఫీ గ్లాసుల పళ్లెం పట్టుకుని తల వంచుకుని వచ్చాం. చాప మీద కూర్చున్నాం. పది నిమిషాలు చూశారు. "పిల్ల నెమ్మదస్తురాలు" అని ఒకరన్నారు. "కాస్త పొగరులా ఉంది" అని ఇంకొకరన్నారు. ఇద్దరూ చూసింది ఒకే పిల్లని. మన గుండె ఎంత దడదడ కొట్టుకుంటోందో, రేపు ఆ ఇంట్లో ఎంత చాకిరీ చేస్తామో, ఎంత ఓర్చుకుంటామో, ఎక్కడ ఎదురు తిరుగుతామో ఆ పది నిమిషాల్లో ఎవరికి తెలిసింది? ఎవరికీ తెలియలేదు. అట్లా చూపులకు కూర్చున్న మనమే ఇవాళ సంఘం చాప మీద కూర్చుని, కొత్తగా వచ్చిన ఆమెను అదే చూపు చూస్తున్నాం.

మన దగ్గరే జరిగింది

ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పం. తప్పు మాత్రం దాచం. ఒక సంఘంలో ఇద్దరు సభ్యులు ఊరు వదిలి వెళ్లడంతో రెండు ఖాళీలు వచ్చాయి. ఒకే నెలలో ఇద్దరు చేరతామని వచ్చారు.

మొదటి ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. అందరినీ "అక్కా, పిన్నీ" అని వరస పెట్టి పలకరించింది. అడిగినదానికి టకటకా జవాబు చెప్పింది. ఆ రోజే చేర్చుకున్నాం. ఆరో నెలలో, వరుసలో ముందున్న ముగ్గురిని దాటించి, బట్టల వ్యాపారానికి 50,000 రూపాయలు ఇప్పించాం.

రెండో ఆమె జుట్టు రేగిపోయి, నలిగిన చీరతో వచ్చింది. ఒంటి నుంచి నీచు వాసన వచ్చింది. మాట్లాడుతుంటే వేరే వైపు చూసింది, రెండుసార్లు ఆవలించింది. ఆమె వెళ్లగానే మనవాళ్లు అన్న మాట ఇది: "చూస్తేనే తెలుస్తోంది, ఈమె కట్టే రకం కాదు." కాదని ఆమె ముఖాన చెప్పలేదు. "వచ్చే నెల చూద్దాం" అన్నాం. అట్లా పదకొండు నెలలు చూశాం.

ఆ పదకొండు నెలల్లో ఏం జరిగిందో మనకు ఆలస్యంగా తెలిసింది. ఆధార్ కాగితం కోసం పుస్తకాలు రాసే అమ్మాయి వాళ్లింటికి వెళ్లింది. ఆమె రాత్రంతా రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలిచి, తెల్లవారి బండి దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా మన సమావేశానికి వచ్చేది. ఆ వాసన ఆమె కష్టానిది, ఆ ఆవలింత ఆమె నిద్రలేమిది. ఊళ్లో ఒకరి దగ్గర నూటికి ఐదు రూపాయల వడ్డీకి 20,000 తెచ్చుకుని ఉంది. దాన్నుంచి బయటపడదామనే సంఘంలో చేరాలనుకుంది. కూతురి పాత నోటుబుక్కు చివరి పేజీల్లో, వడ్డీ కట్టిన ప్రతి నెలకూ ఒక గీత గీయించి పెట్టుకుంది. ఒక్క నెల కూడా ఖాళీ లేదు. మనం "కట్టే రకం కాదు" అన్న మనిషి ఇంట్లో, కట్టినట్టు చెప్పే పుస్తకం ఉంది. మనం అడగలేదు.

లెక్క వేసి చూడండి. 20,000కి ఐదు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,000. పదకొండు నెలలకు 11,000. అదే డబ్బు సంఘంలో రూపాయి వడ్డీకి ఇచ్చి ఉంటే నెలకు 200, పదకొండు నెలలకు 2,200. తేడా 8,800 రూపాయలు. మన ఒక్క చూపుకు ఆమె కట్టిన ఖరీదు అది. ఇప్పుడామె సభ్యురాలే. ఇంతవరకు వాయిదా తప్పలేదు. కానీ ఆ 8,800 మనం తిరిగి ఇవ్వలేం.

మరి మొదటి ఆమె మోసం చేసిందా? లేదు, అట్లా అనుకోవద్దు. ఏడో వాయిదా దగ్గర ఆగిపోయింది. ఎందుకమ్మా అని అడిగితే, "అక్కా, నేను ముప్పై వేలే అనుకున్నాను. మీరే యాభై తీసుకో, నువ్వు చేయగలవు అన్నారు" అంది. సరుకు ఎక్కువ తెచ్చి, అమ్ముడుపోక, ఇప్పుడు కొద్దికొద్దిగా కడుతోంది. ఆమె మాట తీరు చూసి మనం మురిసిపోయి, వ్యాపారం గురించి అడగాల్సిన నాలుగు ప్రశ్నలు అడగలేదు. ఒకామెను చూపుతో తీసిపారేశాం, ఇంకొకామెను చూపుతో ఎత్తేశాం. నష్టం ఇద్దరికీ జరిగింది.

చూపు ఎంత త్వరగా తీర్పు చెబుతుంది?

ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. మనుషులందరికీ ఉన్నదే. దీన్ని చదువుకున్నవాళ్లు పరీక్షలు పెట్టి చూశారు.

అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జనీన్ విల్లిస్, అలెగ్జాండర్ టోడొరోవ్ అనే ఇద్దరు చేసిన పరిశోధన 2006లో వచ్చింది. తెలియని మనుషుల ఫొటోలను సెకనులో పదో వంతు సేపు మాత్రమే చూపించి, ఈ మనిషిని నమ్మొచ్చా, సమర్థుడా, మంచివాడా అని అడిగారు. అంటే రెప్పపాటు కన్నా తక్కువ సేపు. అంతలోనే జనం తీర్పు చెప్పేశారు. తర్వాత అర సెకను, ఒక సెకను చూపించారు. ఎక్కువ సేపు చూసినా తీర్పు పెద్దగా మారలేదు. మారింది ఒక్కటే, తమ తీర్పు మీద తమకున్న నమ్మకం. అది పెరిగింది. ఇది గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి. ఇంకాస్త సేపు చూస్తే మనకు ఇంకాస్త తెలిసినట్టు అనిపిస్తుంది. నిజానికి పెరిగింది ధైర్యమే.

మరి చూపు ఎప్పుడూ తప్పేనా? అట్లా అనడం కూడా న్యాయం కాదు. మన దేశంలోనే పుట్టి, ఢిల్లీలో చదువుకుని, అమెరికాలో ప్రొఫెసర్ అయిన నళినీ అంబాడి అనే ఆవిడ, రాబర్ట్ రోసెంథాల్‌తో కలిసి 1993లో ఒక పరిశోధన ప్రచురించారు. కాలేజీలో పాఠం చెప్పే టీచర్ల వీడియో ముక్కలు, మాట వినపడకుండా, మొత్తం అర నిమిషం పాటు కొత్తవాళ్లకు చూపించారు. ఈ టీచరు ఎట్లాంటివారని అడిగారు. వాళ్లు చెప్పినదీ, ఆ టీచరు దగ్గర నెలల తరబడి చదివిన పిల్లలు చివర్లో చెప్పినదీ చాలావరకు కలిసింది. అంటే ఉత్సాహం, చనువు, కలుపుగోలుతనం లాంటివి ఒంటి మీదే కనిపిస్తాయి. దాన్ని మన కన్ను బాగానే పట్టుకుంటుంది. ఒక మనిషి నలుగురిలో కలిసే రకమా, కాదా అన్నది మిగతా గుణాల కంటే తొందరగా తెలుస్తుందని ఇతర పరిశోధనల్లోనూ తేలింది.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమని మన పెద్దవాళ్లంటారు కదా. శామ్యూల్ గోస్లింగ్ అనే ఆయన, తోటివాళ్లతో కలిసి 2002లో దాదాపు అదే పని చేశారు. మనిషిని చూపించకుండా, వాళ్లు ఉండే గదిని మాత్రం చూపించి గుణం చెప్పమన్నారు. పద్ధతిగా ఉండే మనిషా, కొత్త సంగతుల మీద ఆసక్తి ఉన్న మనిషా అన్నది గదిని చూసి కొంతవరకు సరిగ్గానే చెప్పగలిగారు. ఎందుకంటే గది ఒక్క రోజులో అట్లా తయారు కాదు. రోజూ చేసిన పని అక్కడ పేరుకుని ఉంటుంది. రొయ్యల షెడ్డు ఆమె నోటుబుక్కులో గీతలు కూడా అట్లాంటివే.

కానీ అక్కా, సంఘంలో మనకు కావలసింది ఏమిటి? నవ్వుతూ పలకరిస్తుందా అన్నది కాదు. మాట మీద నిలబడుతుందా, నిజం చెబుతుందా, వాయిదా కడుతుందా, కష్టం వస్తే దాక్కోకుండా వచ్చి చెబుతుందా అన్నది. వీటిలో మన కన్ను చాలా బలహీనం. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే ఇద్దరు అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి 2006లో లెక్క వేశారు. ఎదుటి మనిషి అబద్ధం చెబుతున్నాడా, నిజం చెబుతున్నాడా అని 24,000 మందికి పైగా చెప్పిన తీర్పులు అందులో ఉన్నాయి. నూటికి 54 సార్లు మాత్రమే సరిగ్గా చెప్పగలిగారు. బొమ్మా బొరుసా వేస్తే నూటికి 50 సార్లు సరిపోతుంది. ఎదుటివాళ్ల ముఖం చూసి అబద్ధం పట్టేస్తామని అనుకునే మనకూ, నాణెం ఎగరేయడానికీ మధ్య ఉన్న తేడా నూటికి నాలుగే.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. నిజమే. ఒకే గిన్నెలో, ఒకే ఎసట్లో, ఒకే మంట మీద ఉడికిన మెతుకులు గనక ఒకటి చూస్తే చాలు. మనిషి అట్లా కాదు. నిద్రలేని రోజు ఒక తీరుగా ఉంటుంది, పండగ రోజు ఇంకొక తీరుగా ఉంటుంది. కొత్తవాళ్ల ముందు ముడుచుకుంటుంది, తెలిసినవాళ్ల ముందు గలగలా మాట్లాడుతుంది. ఒక్క మెతుకు పట్టి మనిషిని చెప్పలేం.

ముఖంతోపాటు చూసేవి

మనం చూసేది ముఖం ఒక్కటేనా? చీర చూస్తాం. మెడలో ఏముందో చూస్తాం. బొట్టు ఉందా లేదా చూస్తాం. ఏ పేట నుంచి వచ్చిందో అడుగుతాం. ఆ పేట పేరు వినగానే సగం తీర్పు అయిపోతుంది. ఈ సంగతి పైకి అనుకోవడం కష్టమే, అయినా అనుకోవాలి.

ఆంగ్లేయుల కాలంలో 1871లో నేరస్థ జాతుల చట్టం అని ఒకటి చేశారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ, అంటే మన ప్రాంతాలకూ వచ్చింది. కొన్ని కులాల్లో పుట్టినవాళ్లంతా పుట్టుకతోనే నేరస్థులని రాసుకున్నారు. వేలిముద్రలు తీసుకున్నారు, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోమన్నారు. మన ఎరుకల కుటుంబాలు ఎన్నో అట్లా చిక్కుకున్నాయి. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురం అట్లా ఏర్పడిన సెటిల్‌మెంటే. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. కాగితం మీద రద్దయింది. మనసులో రద్దయిందా? ఆ ఊరి పేరు చెబితే ఇప్పటికీ కొందరు చేతిసంచి దగ్గరికి లాక్కుంటారు. ఆ ఊళ్లో పుట్టిన ఆడపిల్ల ఏ తప్పూ చేయకుండానే ఆ చూపును భరించాలి. ఆ చూపు మన సంఘంలో కూడా ఉంటే మనం సంఘం పెట్టుకుని ఏం లాభం?

పెద్ద పెద్దవాళ్లు కూడా దీంట్లో పడ్డారు. 1831లో బీగిల్ అనే ఓడ మీద ప్రపంచం చుట్టి రావడానికి చార్లెస్ డార్విన్ అనే యువకుడు సిద్ధమయ్యాడు. ఆ ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్‌కి ముఖం చూసి గుణం చెప్పే శాస్త్రం మీద నమ్మకం. డార్విన్ ముక్కు చూసి, ఈ ముక్కున్న మనిషికి అంత ప్రయాణం చేసే పట్టుదల ఉండదని దాదాపు వద్దనబోయాడట. ఈ మాట డార్వినే తన జీవిత కథలో రాసుకున్నాడు. ఆ ప్రయాణం అయిదేళ్లు సాగింది. జీవులు ఎట్లా మారుతూ వచ్చాయో లోకానికి చెప్పిన ఆయన ఆలోచనకు ఆ ప్రయాణమే పునాది. ఒక ముక్కు చూపు అదంతా ఆపేసేది. మన సంఘం గడప దగ్గర ఆగిపోయిన ఆడవాళ్లు ఎందరో, వాళ్లు ఏమేం చేసి ఉండేవాళ్లో మనకు ఎప్పటికీ తెలియదు.

మరి ఎవరి మాట నమ్మాలి?

ఇక్కడ మనకొక ధైర్యం చెప్పే సంగతి ఉంది. మహారాష్ట్రలోని అమరావతిలో చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ల మధ్య రేష్మాన్ హుస్సామ్, నటాలియా రిగోల్, బెంజమిన్ రాత్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక పని చేశారు. అది 2022లో ప్రచురితమైంది. పక్కపక్కన ఉండేవాళ్లను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, మీలో ఎవరి చేతికి పెట్టుబడి ఇస్తే బాగా వృద్ధి చేస్తారో వరుసగా చెప్పమన్నారు. తర్వాత లాటరీ తీసి కొందరికి డబ్బు ఇచ్చారు. డబ్బు అందినవాళ్లకు సగటున నెలకు నూటికి 9.4 చొప్పున రాబడి వచ్చింది. ఇరుగుపొరుగు "వీళ్లు చేస్తారు" అని పైవరుసలో పెట్టిన మూడో వంతు మందికి మాత్రం నెలకు నూటికి 24 నుంచి 30 దాకా వచ్చిందని లెక్క కట్టారు. అంటే దాదాపు మూడింతలు.

గమనించండి. వీళ్లు కొత్తవాళ్ల ముఖం చూసి చెప్పినవాళ్లు కాదు. ఏళ్ల తరబడి పక్కన ఉండి, ఎవరు ఎన్నింటికి లేస్తారో, ఎవరు అరువు తిరిగిస్తారో చూసినవాళ్లు. కలిసి బతికిన మనిషికి తెలిసినది మొదటి చూపుకు తెలియదు. మన స్వయం సహాయక సంఘాల బలమంతా ఇదే.

అయితే అదే పరిశోధనలో ఇంకొకటి కూడా తేలింది. తాము చెప్పేదాన్ని బట్టే డబ్బు ఎవరికి పోతుందో తేలుతుందని తెలిస్తే, జనం తమ చుట్టాలవైపు, స్నేహితులవైపు మొగ్గారు. ఇది మనకు కొత్త కాదు. తీర్మానం రాసేటప్పుడు ఆడపడుచు పేరు ముందుకు జరగడం మనం చూడలేదా? అయితే ఆ మొగ్గు తగ్గించే చిన్న చిన్న పద్ధతులు ఉన్నాయని కూడా వాళ్లు చూపించారు. పద్ధతి ఉంటే మనుషులు నిజమే చెబుతారు.

ఈ ఏడాది నుంచి మనం చేసుకోవలసినవి

కార్యవర్గంలో రెండు పూటలు కూర్చుని కొన్ని మాటలు అనుకున్నాం. గ్రామ సంఘాల్లో చర్చించి, నచ్చితే తీర్మానం చేసుకోండి.

ఒకటి. కొత్తగా వచ్చిన ఆమె గురించి మొదటి రోజు ఏమీ తేల్చవద్దు. మూడు సమావేశాలకు రానివ్వండి. మూడో సమావేశంలో మాత్రం తప్పనిసరిగా తేల్చండి. "వచ్చే నెల చూద్దాం" అనే మాటతో ఎవరినీ నెలల తరబడి గుమ్మంలో నిలబెట్టవద్దు. వద్దంటే ఎందుకు వద్దన్నామో తీర్మానాల పుస్తకంలో కారణం రాయండి. "చూస్తేనే తెలుస్తోంది" అన్నది కారణం కాదు. పుస్తకంలో రాయడానికి సిగ్గుపడే కారణం, కారణమే కాదు.

రెండు. అందరినీ ఒకే ప్రశ్నలు, ఒకే వరుసలో అడగండి. ఏం పని చేస్తున్నారు? ఏ నెలల్లో డబ్బు చేతికి వస్తుంది, ఏ నెలల్లో రాదు? ఇప్పుడు ఎవరికి ఎంత బాకీ ఉంది, దాన్ని ఎట్లా కడుతున్నారు? నెలకు ఎంత వాయిదా బరువు కాకుండా కట్టగలరు? బాగా మాట్లాడే ఆమెనూ ఇవే అడగాలి, మాట్లాడలేని ఆమెనూ ఇవే అడగాలి. బాగా మాట్లాడే ఆమెను అడగడం మానేస్తే ఏమవుతుందో చూశాం కదా.

మూడు. ముందు పుస్తకం చదవండి, తర్వాత మాట్లాడండి. 1946లో సోలమన్ ఆష్ అనే ఆయన ఒక మనిషి గురించి ఆరు మాటలు చెప్పి చూశారు. తెలివైనవాడు, కష్టపడతాడు, తొందరపాటు ఉంది, తప్పులెంచుతాడు, మొండి, అసూయ ఉంది. ఈ వరుసలో చెబితే జనం ఆ మనిషిని మెచ్చుకున్నారు. అవే ఆరు మాటలు తిరగేసి, అసూయతో మొదలుపెడితే అదే మనిషిలో లోపాలు ఎక్కువ కనిపించాయి. సమావేశంలో ఒక సభ్యురాలి గురించి మొదట ఎవరు నోరు తెరిస్తే, ఆ మాటే చివరిదాకా నిలుస్తుంది. అందుకే అప్పు అడిగిన ఆమె హాజరు, పొదుపు, పాత వాయిదాలు ముందు చదవాలి. అభిప్రాయాలు తర్వాత.

నాలుగు. అప్పుల వరుస తేల్చేటప్పుడు ఒకరి మాట విని ఒకరు తల ఊపకుండా, ఎవరి అభిప్రాయం వాళ్లు విడిగా చెప్పాలి. చదువు రానివాళ్లు చింతపిక్కలు వేసి చెప్పొచ్చు. అడిగిన ఆమె మనకు చుట్టమైతే ఆ మాట ముందే చెప్పి పక్కన కూర్చోవాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

అయిదు. లీడరును ఎన్నుకునేటప్పుడు కూడా ఇదే సంగతి. టోడొరోవ్, ఆయన తోటివాళ్లు 2005లో ఇంకొక పరిశోధన ప్రచురించారు. అమెరికా సెనేట్ ఎన్నికల్లో పోటీ చేసినవాళ్ల ఫొటోలు తెలియనివాళ్లకు చూపించి, ఇద్దరిలో సమర్థులు ఎవరని అడిగితే, వాళ్లు వేలు చూపించినవాళ్లే నూటికి దాదాపు 70 చోట్ల గెలిచినవాళ్లు. గెలిచినవాళ్లు నిజంగా సమర్థులని దీనర్థం కాదు. ఓటర్లు కూడా ముఖం చూస్తారని అర్థం. మన సంఘంలో గొంతు పెద్దదైన ఆమె ఒక్కర్తే లీడరు కావాలని లేదు. పుస్తకం సరిగ్గా ఉంచిన ఆమె, గొడవ వస్తే ఇద్దరి మాటా విన్న ఆమె మూలన కూర్చుని ఉండొచ్చు. నిండు కుండ తొణకదు.

ఆరు. బయటినుంచి వచ్చే కొత్తవాళ్ల విషయం. చీటీలంటారు, తక్కువ వడ్డీ అంటారు, ఫోనులో యాప్ వేయించుకోమంటారు, వేలిముద్ర వేయమంటారు. తెల్లచొక్కా వేసుకుని, "అమ్మా" అని పిలిచి, మన పిల్లల పేర్లు అడుగుతారు. "మంచివాడిలా ఉన్నాడు" అనుకుంటాం. నూటికి 54 అన్న లెక్క అప్పుడు గుర్తు తెచ్చుకోండి. మోసం చేసేవాడికి మంచివాడిలా కనపడటమే వృత్తి. గుర్తింపు కార్డు అడగండి, రసీదు అడగండి, గ్రామ సంఘంలో చెప్పి వస్తామని ఒక రోజు గడువు అడగండి. ఫోనుకు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. నిజమైనవాడు ఒక రోజు ఆగుతాడు.

మనల్నీ ఒకప్పుడు అట్లాగే చూశారు

చివరిగా ఒక మాట. మన సంఘాలు మొదలైన రోజుల్లో మనం బ్యాంకుకు వెళితే ఎట్లా చూశారో పాత సభ్యులకు గుర్తుండే ఉంటుంది. పేరు అక్కర్లేదు, ఏ బ్యాంకయినా ఒకటే. చెప్పులు బయట విడిచి, గోడ పక్కన నిలబడ్డాం. మధ్యాహ్నం దాకా ఎవరూ పలకరించలేదు. "ఈ ఆడవాళ్లు అప్పు తీసుకుని కడతారా?" అన్నది వాళ్ల చూపులోనే కనపడింది. మన ముఖం మీద ఆస్తి లేదు, మన చేతిలో పట్టా లేదు, చాలామందికి సంతకం రాదు. మొదటి చూపుతోనే అయిపోయేదైతే మన కథ అక్కడితో అయిపోయేది.

1992లో నాబార్డు దేశంలో 500 సంఘాలతో బ్యాంకు లింకేజీని ప్రయోగంగా మొదలుపెట్టింది. అప్పుడు పెట్టుకున్న పద్ధతి ఏమిటి? వీళ్ల ముఖం చూడవద్దు, ఆస్తి చూడవద్దు. కనీసం ఆరు నెలలు క్రమంగా కూడారా, పొదుపు చేశారా, లోపల అప్పులిచ్చుకుని తిరిగి కట్టుకున్నారా, పుస్తకం రాశారా చూడండి. అంతే. మన పంచసూత్రాలు కూడా అవే: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఆ అయిదింటిలో ఒక్కటైనా ముఖం మీద కనపడేదా? ఒక్కటీ లేదు. అన్నీ కాలం మీద తెలిసేవే. ఆరు నెలల పుస్తకం చూసి మనల్ని నమ్మారు గనకే ఇవాళ మనం ఈ సభ పెట్టుకున్నాం, కుర్చీలో కూర్చుని బ్యాంకువాళ్లతో మాట్లాడుతున్నాం.

మనకు దొరికిన ఆ న్యాయమే మన గడపలోకి వచ్చినవాళ్లకు మనం ఇవ్వాలి. మొదటి చూపును ఆపడం ఎవరి తరమూ కాదు. అది రెప్పపాటులో వచ్చేస్తుంది, రానివ్వండి. తీర్మానం మాత్రం దాని చేతికి ఇవ్వవద్దు. వచ్చే నెల మీ సమావేశానికి ఎవరో ఒకామె రేగిన జుట్టుతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడుతుంది. ఆమెను ముందు లోపలికి పిలవండి, చాప మీద చోటివ్వండి, మంచినీళ్లివ్వండి. రాత్రి నిద్రపోయావా అమ్మా అని అడగండి. తర్వాత ఆ నాలుగు ప్రశ్నలు అడగండి.

కార్యవర్గం తరఫున ఆ రొయ్యల షెడ్డు చెల్లెలికి ఈ సభలో క్షమాపణ చెప్పుకుంటున్నాం. ఆమె ఇవాళ ఈ హాల్లోనే ఉంది. ఎవరో వెతకవద్దు. చూసి చెప్పలేరు.